తెరుచుకోని మందుల షాపు ముందు ఒక జపాన్ సాయంత్రం

జపాన్ వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి ముందు రియాద్‌లో ఉన్న జపాన్‌ని చూసి రావాలన్న ఆలోచన పూర్తిగా నాదే. నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సుని. వచ్చే నెలతో కాంట్రాక్టు అయిపోతుంది. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఇక్కడే కొనసాగడానికి, రెండోది జపాన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో చేరడానికి. అక్కడ నర్సు ఉద్యోగం కాదు. ముసలివాళ్లకి స్నానం చేయించి, అన్నం తినిపించే సహాయకురాలిగా మొదలుపెట్టాలి. భాష నేర్చుకుని, పరీక్షలు రాసి, ఆ పైన మెట్టుమెట్టుగా ఎక్కాలి. ఏదో ఒక దాని మీద సంతకం పెట్టి ఆదివారం పొద్దున ఇవ్వాలి. మా ఆయన ప్రభుదాస్ సులైలో ఒక గోడౌన్‌కి స్టోర్ కీపర్. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు ఆయనది ఆయనదే, నాది నాదే. నేను వెళ్తే ఆయన ఇక్కడ ఒక్కడే ఉండాలి. "పిల్లల్లేరు, నీకేం అడ్డం" అంటారు అందరూ. ఆయన ఉన్నాడు కదా అని ఎవరికీ తోచదు. ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటాడు. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడంటే అందులో ఎవరి ఇష్టం ఎంతో పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు అంతుపట్టలేదు.

ఈ అయోమయంలో ఉండగా మా వార్డులో ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒక వీడియో చూపించింది. ఊరికి ఉత్తరాన చలికాలం ఉత్సవాలు జరిగే మైదానంలో దేశానికో బజారు చొప్పున కడుతూ జపాన్ బజారు కూడా ఒకటి కట్టారట. జపాన్‌లో పాత ఊళ్లలో ఇలాంటి వీధులుంటాయి. రెండు పక్కలా చిన్న చిన్న దుకాణాలు, వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పైన కప్పు. బళ్లు రావు. జనం కప్పు కింద నడుస్తూ చేపలు, కూరలు, చెప్పులు, మందులు కొనుక్కుని ఇంటికి పోతారు. వీడియోలో ఒకచోట మందుల షాపు బోర్డు కనబడింది. అది చూడగానే నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. అక్కడి డబ్బాలు చూసి ఏది జ్వరానిదో, ఏది కడుపునొప్పిదో పోల్చుకోగలిగితే వెళ్తాను, లేకపోతే లేదు. నవ్వకండి. నిద్రపట్టనప్పుడు మనిషికి ఇలాంటి పరీక్షలే తోస్తాయి.

శుక్రవారం అక్కడ సాయంత్రం నాలుగింటికి గేట్లు తెరుస్తారు. టికెట్ ఫోన్‌లోనే ముందుగా తీసుకోవాలి. మనిషికి యాభై అయిదు రియాళ్లు పడింది, మామూలు రోజుల్లో అయితే ఇంకా తక్కువట. మెట్రోలో వెళ్తే చాలా చవక. కానీ స్టేషన్ నుంచి గేటు దాకా నడక ఉంది, పైగా మా ఆయన శుక్రవారం నడవడు. అందుకని మలాజ్‌లో మా వీధి చివర ఉండే ఖాజా భాయ్‌ని పిలిచాం. ఆయనది కడప. మా ఆసుపత్రి నర్సులందరినీ ఏళ్లుగా తిప్పుతున్న మనిషి. నలభై రియాళ్లకి ఒప్పుకున్నాడు. మూడున్నరకి బయల్దేరాం. రోడ్లు ఖాళీగా ఉన్నా ఉత్తరం వైపు మలుపు తిరిగాక కార్లు బారులు కట్టాయి.

"జపాన్ యాడుండాదో నాకు తెల్దు సిస్టర్. దాని గేటు మాత్రం తెలుసు. మూడో గేటు కాడ దింపుతా. ఒకటో గేటు కాడ దిగితే ఇంకో రెండు దేశాలు దాటుకోని నడిచి పోవాల" అన్నాడు ఖాజా భాయ్.

"వీసా అడగరు కదా?" అన్నాడు మా ఆయన వెనక సీట్లోంచి.

"టికెట్ అడుగుతారు సార్. అదుంటే యా దేశమైనా పోవచ్చు. నిజం జపాన్‌కి కూడా ఇట్లే ఉంటే ఎంత బాగుండు!"

ఖాజా భాయ్ ఊరికే అన్న మాట. నాకు మాత్రం బల్ల మీది రెండు కాగితాలు గుర్తొచ్చాయి. మా ఆయన కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు.

లోపలికి అడుగుపెట్టిన మొదటి పది నిమిషాలు నాకు ఏమీ అర్థం కాలేదు. నెత్తిమీద విల్లులా వంచిన కప్పు, దాని నుంచి వేలాడే కాగితం లాంతర్లు, రెండు పక్కలా కొక్కిరిబిక్కిరి అక్షరాల బోర్డులు. మైకులోంచి వచ్చే ప్రకటనలు అరబ్బీలో. గులాబీ రంగు ప్లాస్టిక్ పూల కొమ్మ కింద నిలబడి కిమోనో కట్టుకున్న అమ్మాయి "వెల్కమ్ మేడమ్" అంది. చూస్తే ఈ అమ్మాయిదీ ఫిలిప్పీన్సే. విసనకర్రలు అమ్మే కుర్చీలో బంగ్లాదేశ్ ఆయన. నకిలీ రంగు చేపల కొలను దగ్గర ఫోటోలు దిగుతున్న సౌదీ కుటుంబం. జపాన్ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. కొన్ని దుకాణాలు నిజంగానే దుకాణాలు, కొన్నింటికి తలుపు మాత్రమే ఉంది, వెనక ఏమీ లేదు. ఒక బియ్యం కొట్టు ముందు బస్తాలుంటే మా ఆయన వేలితో పొడిచి చూశాడు. లోపల స్పాంజి.

"ఇదేం జపానే సునీ, అంతా దూదే" అన్నాడు.

ఇంకాస్త లోపలికి వెళ్లాక ఒక వింత జరిగింది. కప్పు మీద వాన మొదలైంది. సన్నగా మొదలై జోరందుకుంది. నేను గబుక్కున చున్నీ తలమీదికి లాక్కున్నాను. మా ఆయన పైకి చూశాడు. చుక్క కూడా లేదు. ఆ చప్పుడు స్పీకర్లలోంచి వస్తోంది. జపాన్‌లో ఈ కప్పులు వేసుకున్నదే వానకి, మంచుకి తడవకుండా కొనుక్కోవడానికి కాబట్టి, అక్కడి వానని కూడా పట్టుకొచ్చి పెట్టారన్నమాట. ఎడారిలో వాన చప్పుడు అమ్ముతున్నారని నవ్వుకోవాల్సింది. ఇద్దరం నవ్వలేకపోయాం. మాది కాకినాడ పక్క. రేకుల కప్పు మీద ముసురు పట్టిన చప్పుడు విని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. అది ఆగేదాకా అక్కడే నిలబడ్డాం. ఆ తర్వాత ఆయన నా చేతిలో సంచీ తీసుకున్నాడు.

తినడానికి చాలా ఉన్నాయి. గుంటల పెనం మీద పుల్లతో తిప్పుతూ ఉండలు కాలుస్తున్న కుర్రాడిని చూడగానే మన గుంతపొంగణాలే అనిపిస్తుంది. లోపల మాత్రం ఆక్టోపస్ ముక్క ఉంటుంది. వండేవాడు నేపాలీ. హిందీలో అడిగితే, "దీదీ, అన్నీ హలాలే, భయం లేదు" అన్నాడు. ఆరు ఉండలు ముప్పై రియాళ్లు. మా ఆయన ఎనిమిది కాళ్ల జంతువు వద్దన్నాడు. గోదావరి పిల్లనై పుట్టి నీళ్లలో పెరిగేదాన్ని వద్దనడం నాకు చేతకాదు కాబట్టి నేనే మొత్తం తిన్నాను. నాలుక కాలింది, రుచి బాగుంది.

"జపాన్‌లో నేర్చుకున్నావా?" అని అడిగాను.

"జపాన్ ఎక్కడ చూశాను దీదీ! దోహాలో ఒక ఫిలిప్పీన్స్ ఆయన దగ్గర నేర్చుకున్నా. మీరు చూశారా?"

"లేదు. వెళ్లాలో వద్దో తెలియడం లేదు."

"వెళ్తే నాకో ఫోటో పంపండి దీదీ. నేను చేసేది సరిగ్గా ఉందో లేదో పోల్చుకుంటాను" అన్నాడు. జపాన్ వంట చేసేవాడికి జపాన్ తెలియదు, జపాన్ వెళ్లేదానికీ తెలియదు. ఇద్దరం ఒకరినొకరు అడుగుతున్నాం.

మందుల షాపు వీధి చివర, ఎడమ వైపు ఉంది. మేం అక్కడికి చేరేసరికి పొద్దు కుంకే వేళ వినిపించే మగ్రిబ్ అజాన్ అయింది. ఈ మధ్య నమాజు వేళకి కూడా కొన్ని షాపులు తెరిచే ఉంచుతున్నారు, కొన్ని మూస్తున్నారు. ఎవరు ఎప్పుడు మూస్తారో చెప్పలేం. మా కళ్ల ముందే రెండు మూడు కౌంటర్ల వాళ్లు తెర దించి వెళ్లారు. మందుల షాపు షట్టర్ కూడా దించి ఉంది. ఈ దేశంలో ఉన్నవాళ్లకి దించిన షట్టర్ అంటే ఒకటే అర్థం. నమాజుకి వెళ్లారు, కాసేపట్లో వస్తారు, నిలబడు. నేను ఇక్కడికి వచ్చిన మొదటి వారంలో ఇలాగే పాలు కొనడానికి వెళ్తే మొహం మీదే షట్టర్ దించేశారు. ఏదో తప్పు చేశాననుకుని ఏడుస్తూ ఇంటికొచ్చేశాను. ఇప్పుడు అలా కాదు. షట్టర్ చూస్తే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి, మనసు కూడా నిమ్మళంగా ఉంటుంది. అలవాటు అంటే అదే.

షట్టర్ పక్కన చిన్న అద్దాల అర ఉంది. అందులో రంగు వెలిసిన మూడు డబ్బాలు. నా పరీక్ష మొదలుపెట్టాను. ఒకదాని మీద ఎర్రటి గుండ్రం ఉంది కాబట్టి అది జ్వరానిది. రెండోదాని మీద ముసలాయన నవ్వుతున్నాడు, కడుపునొప్పి తగ్గి ఉంటుంది. మూడోది అంతుచిక్కలేదు. ఇంతలో నా వెనక ఎవరో నిలబడినట్టనిపించింది. పిల్లని చంకనేసుకున్న సౌదీ ఆవిడ. ఆమె వెనక నుదురు రుద్దుకుంటూ ఒక బంగ్లాదేశ్ ఆయన, బహుశా తలనొప్పి బామ్ కోసం. ఆ వెనక ఇంకో ఇద్దరు. నేను మొదట నిలబడ్డాను కాబట్టి అది లైనైపోయింది.

"పద సునీ, కాళ్లు లాగేస్తున్నాయి" అన్నాడు మా ఆయన.

"నమాజు అవ్వనివ్వండి. ఇప్పుడు తీస్తారు."

"ఈ షాపులో నీకు కావలసిందేంటి? ఒంట్లో బాగానే ఉంది కదా?"

పరీక్ష సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది. "ఊరికే, చూద్దామని" అన్నాను. ఆయన ఎదురుగా ఉన్న బల్ల మీద కూలబడ్డాడు.

నమాజు అయింది. అవతలి కౌంటర్ల తెరలు లేచాయి, విసనకర్రల ఆయన తిరిగొచ్చాడు. మా షట్టర్ మాత్రం లేవలేదు. లైను ఇంకా పెరిగింది. చివరికి నల్లటి అబాయా మీద పసుపుపచ్చ జాకెట్ తొడుక్కున్న సెక్యూరిటీ ఆవిడ వచ్చి, ఇంతమంది ఎందుకు నిలబడ్డారని అడిగింది. మందుల షాపు తెరవడం కోసం అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, చేత్తో షట్టర్ మీద తట్టింది. చెక్క చప్పుడైంది. "యా ఉఖ్తీ, హాదా దీకోర్" అంది. అక్కా, ఇది ఉత్త సెట్టింగే అని. దాని వెనక గోడ తప్ప ఏమీ లేదట. నిజం మందుల షాపు ఒకటో గేటు దగ్గర ఉందట.

లైనంతా నవ్వింది. మా ఆయన బల్ల మీంచి పగలబడి నవ్వాడు. బంగ్లాదేశ్ ఆయన నుదురు రుద్దుకుంటూనే నవ్వాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. నవ్వనిది లైనులో ఆఖరున నిలబడిన ఒకావిడ. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, భుజాన గుడ్డ సంచీ. అందరూ వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో మాట కలిపింది. పేరు మిచికో. భర్త ఇక్కడ ఇంజనీరు. ఆ సాయంత్రం నేను చూసిన మొదటి జపాన్ మనిషి ఆవిడే.

"మీరు జపాన్ ఆవిడ కదా, ఇది ఉత్తదని మీకు తెలియలేదా?" అని అడిగాను.

"తెలుసు. కానీ లైను కనిపించింది. మా ఊళ్లో లైను కనిపిస్తే ముందు నిలబడతాం, ఎందుకో తర్వాత అడుగుతాం" అంది. అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

అద్దాల అరలో డబ్బాల గురించి అడిగాను. నేను జ్వరం మందు అనుకున్నది మోకాళ్లకి అంటించుకునే పట్టీల డబ్బా. కడుపునొప్పి అనుకున్నది జుట్టు ఊడకుండా రాసుకునే నూనె. మూడోదే జ్వరానిది. నా పరీక్ష ఫలితం అలా వచ్చింది. నేను తెల్లమొహం వేయడం చూసి, "ఇక్కడికొచ్చిన కొత్తలో నేను పాలనుకుని ఇంటి నిండా మజ్జిగ కొన్నాను. మా ఆయన వారం రోజులు కాఫీలో పోసుకుని, ఏమీ అనకుండా తాగాడు" అంది మిచికో గారు. మా ఆయన కూడా లేచి వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

ఎందుకో తెలియదు, ఆవిడకి అంతా చెప్పేశాను. రెండు కాగితాలు, ఆదివారం, అక్షరాలంటే భయం. ఇక్కడ నర్సునై ఉండి అక్కడ మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాలంటే నామోషీగా ఉందని కూడా. మా ఆయన ముందర ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ చెక్క షట్టర్ మీద చెయ్యి ఆనించింది.

"ఈ వీధి మొత్తంలో మా ఊరిలా ఉన్నది ఇదొక్కటే" అంది. "లాంతర్లు, పూలు పండగలకే. మా వీధిలో సగానికి పైగా షాపులు ఇలాగే మూసి ఉంటాయి. నడిపేవాళ్లు ముసలివాళ్లయిపోయారు, తర్వాత ఎవరూ రాలేదు. చిన్నప్పుడు నేను షట్టర్లు ఎత్తే చప్పుడుకి నిద్ర లేచి బడికి వెళ్లేదాన్ని. ఇప్పుడు అక్కడికి వెళ్తే అలారం పెట్టుకోవాలి."

షట్టర్ మీంచి చెయ్యి తీసి మళ్లీ చెప్పింది. "పోయినసారి వెళ్లినప్పుడు ఒక పొద్దున షట్టర్ లేచిన చప్పుడైంది. వీధిలో వాళ్లంతా బయటికి వచ్చేశారు, నేనూ మా అమ్మా కూడా. మూతపడ్డ మందుల షాపులో నేపాల్ నుంచి వచ్చిన భార్యాభర్తలు కూర, అన్నం అమ్మడం మొదలుపెట్టారు. ఆ పొద్దున ఎవరికీ ఆకలి లేదు. అయినా అందరం తిన్నాం."

"వాళ్లకి మీ భాష వచ్చా అండీ?" అని అడిగింది నేను కాదు, మా ఆయన.

"అప్పుడు రాదు. వేళ్లతో చూపించేవాళ్లు. ఇప్పుడు మా అమ్మ రోజూ వెళ్లి కూరగాయల పేర్లు నేర్పుతోంది. తప్పు పలికితే తిడుతుందట కూడా" అని మిచికో గారు మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఆవిడ దగ్గర సెలవు తీసుకుని బయటికొచ్చేసరికి ఆరు దాటింది. మూడో గేటు దగ్గర ఖాజా భాయ్ ఉన్నాడు. జరిగింది చెబితే స్టీరింగ్ వదిలేసి చప్పట్లు కొట్టాడు.

"నమాజు అయినంక తెరవని అంగడి ఇన్నేండ్లలో నేను చూళ్ళే సిస్టర్! నేనైనా అట్లే నిలబడుంటా" అన్నాడు. ఆ మాటతో నా సిగ్గు సగం తగ్గింది.

మలాజ్ చేరేసరికి రాత్రి చేసే ఇషా నమాజు అప్పుడే అయింది. మేం కారు దిగి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. మా వీధిలో బఖాలా అనే కిరాణా కొట్టు, మంగలి షాపు, మొబైళ్ల షాపు, మందుల షాపు. ఒకదాని వెంట ఒకటి షట్టర్లు లేస్తున్నాయి, ధడధడమంటూ. రోజూ వినే చప్పుడే. మధ్యాహ్నం డ్యూటీ లేనప్పుడు నిద్ర చెడిందని తిట్టుకునే చప్పుడే. మా ఆయన ఇంటివైపు అడుగు వేయకుండా ఆఖరి షట్టర్ లేచేదాకా వింటూ నిలబడ్డాడు.

"సునీ, నాకు ఇష్టం లేదు" అన్నాడు అప్పుడు. "నువ్వు లేకుండా ఆ ఇంట్లో ఎలా ఉంటానో నాకు తెలియట్లేదు. అయినా వెళ్లు."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ ఆయన "నీ ఇష్టం" అన్నప్పుడల్లా నేను ఒంటరిదాన్నయినట్టు ఉండేది. ఇష్టం లేదని ఆయన నోరు విప్పి చెప్పాక మాత్రం నాకు తోడు దొరికినట్టయింది. ఆ ఫుట్‌పాత్ మీదే, మంగలి షాపు ఆయన చూస్తుండగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆదివారం పొద్దున జపాన్ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. అయోమయం తీరిపోయిందని అబద్ధం చెప్పను. అక్షరాల పుస్తకం తెచ్చుకున్నాను. మొదటి అయిదు అక్షరాలు పొద్దున నేర్చుకుంటే మధ్యాహ్నానికి మర్చిపోతున్నాను. రాత్రి అన్నాల దగ్గర మా ఆయన పుస్తకం పట్టుకుని అడుగుతాడు, తప్పు చెబితే మిచికో గారి అమ్మలా తిడతాడు. నేను చూసింది జపానో కాదో ఇప్పటికీ తెలియదు. దూది బస్తాలు, రికార్డు చేసిన వాన, ప్లాస్టిక్ పూలు. అంత నకిలీలో, వెనక గోడ తప్ప ఏమీ లేని ఒక షట్టర్ దగ్గరే నాకు కావలసింది దొరికింది. ఎక్కడో నా పేరు కూడా తెలియని ముసలివాళ్లు ఎవరో ఒకరు వచ్చిన చప్పుడు కోసం కాచుకుని ఉన్నారని తెలిశాక, నామోషీ అన్న మాట మళ్లీ నోట రాలేదు.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట. మూడో గేటు దగ్గరే దిగండి, శుక్రవారం అయితే నాలుగింటికల్లా లోపల ఉండండి. వీధి చివర, ఎడమ వైపు మందుల షాపు కనిపిస్తుంది. అది తెరుచుకోదు. తెలిసి కూడా ఒకవేళ దాని ముందు నిలబడాలనిపిస్తే నిలబడండి. కానీ ముందుకి మాత్రమే చూడకండి, మీ వెనక ఎవరు నిలబడ్డారో తిరిగి చూసి పలకరించండి.